ఆయన పోయాక కొండల్లోనే కాస్త ఊరట.. షుగర్ ఉన్న నేను ఒంటరిగా వెళ్లొచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 54. కావలిలో టీచర్‌గా పనిచేస్తున్నాను. మావారు పోయి తొమ్మిది నెలలైంది. అబ్బాయి హైదరాబాద్‌లో ఉంటాడు. కార్తీకంలో తోడికోడలితో పెంచలకోన వెళ్లాను. దర్శనం అయ్యాక ఒక్కదాన్నే ఏటి ఒడ్డున రెండు గంటలు కూర్చున్నాను. ఆ రాత్రి ఎన్నాళ్లకో మాత్ర లేకుండా నిద్రపట్టింది. ఇకమీద పదిహేను రోజులకోసారి పెంచలకోన, భైరవకోన, ఉదయగిరి దుర్గం లాంటి చోట్లకు ఒంటరిగా వెళ్లి నడవాలని ఉంది. ‘ఈ వయసులో, అదీ ఒక్కదానివే కొండలెక్కడమేంటి’ అని అబ్బాయి కోప్పడుతున్నాడు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా, గ్లిమిపిరైడ్ 1 ఉదయం వేసుకుంటాను. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర. నిద్రకు మెడికల్ షాపులో ఇచ్చిన క్లోనజిపామ్ 0.5 ఆరు నెలలుగా రాత్రిపూట వాడుతున్నాను. మోకాళ్లు కొద్దిగా నొప్పి. వెళ్లొచ్చా?
– ఓ పాఠకురాలు, కావలి

జవాబు: వెళ్లొచ్చమ్మా. వయసు గురించి, ఆడవారు ఒంటరిగా వెళ్లడం గురించి మీ అబ్బాయికున్న బెంగకు వైద్యపరంగా పెద్ద ఆధారం లేదు. నేను ఆలోచిస్తున్నది మీ మాత్రల గురించి. మీరు రాసిన నాలుగు మందుల్లో మూడు, మనిషి కొండమీద ఒంటరిగా ఉన్నప్పుడు ఇబ్బంది పెట్టగలిగేవే.

అంతకంటే ముందు ఒక మాట సూటిగా అడగాలి. ‘నేనూ ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు’ అనే ఆలోచన వస్తోందా? రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, తిండి సహించక బరువు తగ్గడం, ‘సరిగ్గా చూసుకోలేదు, నావల్లే పోయారు’ అనే అపరాధ భావం ఉన్నాయా? మొదటి ప్రశ్నకు జవాబు అవును అయితే కొండ ప్రయాణం పక్కన పెట్టి ఈ రోజే అబ్బాయికి చెప్పండి, 14416కు ఫోన్ చేయండి. అది టెలి మానస్ ఉచిత సేవ, ఏ వేళైనా తెలుగులో మాట్లాడతారు. మిగతావి ఉంటే సైకియాట్రిస్టును కలవండి, నడక చికిత్సకు తోడుగా ఉంటుంది. ఇవేవీ లేకుండా, బడికి వెళ్తూ, మధ్యమధ్య నవ్వగలుగుతూ, ఒక్కోసారి మాత్రం గుండె బరువెక్కుతుంటే అది దుఃఖం. తొమ్మిది నెలలకు అది ఉండటం సహజం. కాకపోతే మాసికం, పెళ్లిరోజు, సంవత్సరీకం దగ్గర పడ్డ రోజుల్లో అది ఒక్కసారిగా ఎగసిపడుతుంది. ఆ తేదీల్లో ఒంటరి ప్రయాణం పెట్టుకోకండి.

ఏటి ఒడ్డున మీకు కలిగిన తేలిక భ్రమేమీ కాదు. 2015లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు కొందరిని ఆరుబయట పచ్చిక, చెట్ల మధ్య 90 నిమిషాలు, మరికొందరిని వాహనాలు తిరిగే రోడ్డు వెంట అంతేసేపు నడిపించారు. జరిగినదాన్నే పదేపదే తవ్వుకునే గుణం చెట్ల మధ్య నడిచినవారిలో తగ్గింది, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనమూ తగ్గింది. 2020లో శాన్‌ఫ్రాన్సిస్కోలో 60 ఏళ్లు దాటిన 52 మంది మీద జరిగిన మరో అధ్యయనం నాకు ఇంకా నచ్చుతుంది. వారానికి ఒక్క పావుగంట, ఎనిమిది వారాల నడక, అంతే. సగం మందికి చుట్టూ ఉన్నవాటిని తొలిసారి చూస్తున్నట్టు చూడమని చెప్పారు, మిగతావారిని ఊరికే నడవమన్నారు. ఆశ్చర్యంతో చూసినవారిలో దిగులు తగ్గింది. వాళ్లు తీసుకున్న సెల్ఫీల్లో వారంవారం తమ ముఖం చిన్నదవుతూ, వెనకున్న దృశ్యం పెద్దదవుతూ వచ్చిందట! అందులో పాల్గొన్నవారు ఆరోగ్యవంతులు. కాబట్టి దీన్ని కుంగుబాటుకు మందుగా లెక్కపెట్టకండి. అలా చూడటం మాత్రం నేర్చుకోదగ్గదే. ప్రతి నడకలో పావుగంట ఫోన్ సంచిలో పెట్టి, ఒకచోట కూర్చుని, ముందు బాగా దూరంగా ఉన్నదాన్ని, తర్వాత బాగా దగ్గరగా ఉన్నదాన్ని చూడండి.

ఇక నిద్ర మాత్ర. రక్తంలో క్లోనజిపామ్ మోతాదు సగానికి తగ్గడానికే దాదాపు 30–40 గంటలు పడుతుంది. పెంచలకోన నుంచి వచ్చిన రాత్రి మాత్ర లేకుండా నిద్రపట్టడంలో ముందు రాత్రి మాత్రకూ కొంత వాటా ఉంది. అదే కారణంగా తెల్లారి రాళ్లమీద అడుగు తూలుతుంది, పట్టు తప్పినప్పుడు శరీరం సర్దుకోవడం ఆలస్యమవుతుంది. అలాగని ఈ రాత్రే మానేయకండి. ఆరు నెలలు రోజూ వాడిన మాత్రను ఒక్కసారిగా ఆపితే నిద్ర పట్టకపోవచ్చు, గుండెదడ, వణుకు రావచ్చు, అరుదుగా ఫిట్స్ కూడా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గించాలి. చీటీ లేకుండా మళ్లీ మళ్లీ కొనే మందు కాదది. తగ్గించే ఈ వారాల్లో మీకు తోడ్పడేది ఉదయపు వెలుగు. లేచిన గంటలోపు అరగంట ఆరుబయట నడిస్తే రాత్రి నిద్రవేళ క్రమంగా కుదురుకుంటుంది.

అసలు ప్రమాదం గ్లిమిపిరైడ్‌తో. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు. గ్లిమిపిరైడ్ మాత్రం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను పిండుతూనే ఉంటుంది. దర్శనం అయ్యేదాకా ఉపవాసం ఉండి, మాత్ర వేసుకుని, అదే ఊపులో అడవి దారి ఎక్కితే లో-షుగర్‌ను పిలిచి తెచ్చుకున్నట్టే. చెమటలు, దడ, నీరసం, చిరాకు... ఇవన్నీ ఎండలో కొండెక్కే ఎవరికైనా ఉండేవే. అందుకే చాలామంది దాన్ని అలసట అనుకుని ఇంకో మలుపు దాకా నడుస్తారు. పక్కన మనిషి ఉంటే మాట తడబడటం గమనిస్తారు. మీకు ఆ మనిషి లేరు కాబట్టి గ్లూకోమీటరే ఆ పని చేయాలి.

నడక రోజు ఉదయం గ్లిమిపిరైడ్ సగం వేసుకోవాలా, మానేయాలా అన్నది మీ డాక్టరును అడిగి ముందే రాయించుకోండి. మూడు ఇడ్లీలో, రెండు దోసెలో తిన్నాకే బయల్దేరండి. ఎక్కేముందు షుగర్ చూడండి. 100 లోపు ఉంటే ఒక అరటిపండు తిని, పావుగంట ఆగి మళ్లీ చూడండి. 250 దాటి ఒంట్లో నలతగా ఉంటే ఆ రోజు గుడి దాకా చాలు. దారిలో గంటకోసారి అరటిపండో, నాలుగైదు బిస్కెట్లో తినండి. ఏమాత్రం తేడా అనిపించినా కూర్చుని పరీక్షించుకోండి. 70 కంటే తక్కువైతే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి, అంటే 15 గ్రాములు, అర గ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. పావుగంట తర్వాత మళ్లీ పరీక్ష, ఇంకా తక్కువే ఉంటే మరో 15 గ్రాములు. ఈ మోతాదుల్ని ఇంట్లోనే చిన్న కవర్లలో కట్టి ఆరు పెట్టుకోండి, చేతులు వణుకుతున్నప్పుడు చెంచాలు లెక్కపెట్టలేరు. పల్లీ చిక్కీ, చాక్లెట్ దీనికి పనికిరావు. వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యంగా వదులుతుంది. షుగర్ 100 దాటాక నాలుగు బిస్కెట్లు తిని, కిందికి దిగిపోండి. మిగతా కొండ ఇంకో రోజు చూడొచ్చు. గ్లిమిపిరైడ్ ప్రభావం రోజంతా ఉంటుంది, కండరాలు కూడా రాత్రిదాకా చక్కెర లాగుతూనే ఉంటాయి. అందుకని పడుకునేముందు మరోసారి చూసుకోండి.

బీపీ మాత్రలోని హైడ్రోక్లోరోథయజైడ్ మూత్రంలో ఉప్పును బయటికి పంపుతుంది. చెమటలోనూ ఉప్పు పోతుంది. అప్పుడు మంచినీళ్లే లీటర్లకొద్దీ తాగితే రక్తంలో సోడియం పడిపోయి తలనొప్పి, వికారం, అయోమయం వస్తాయి. గంటకు సుమారు అర లీటరు లెక్కన, కొంత నీళ్లు, కొంత ఉప్పేసిన మజ్జిగ తీసుకెళ్లండి. ఓఆర్ఎస్ అయితే డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా ప్యాకెట్‌ను పూర్తిగా ఒక లీటరులో కలపాలి. దాంట్లో గ్లూకోజ్ లీటరుకు 13.5 గ్రాములే, కాబట్టి బాగా చెమట పట్టిన రోజు షుగర్ ఉన్నవారూ తాగొచ్చు. ఈ ఉప్పు నడక రోజుకే, మిగతా రోజుల్లో పచ్చడి మీద చేయి బిగించాల్సిందే. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ బీపీ మాత్ర, మెట్‌ఫార్మిన్ వేసుకోవాలో లేదో డాక్టరుకు ఫోన్ చేసి అడగండి.

బయల్దేరేముందు ఈసీజీ, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), సోడియం, కంటి రెటీనా పరీక్ష, పాదాల స్పర్శ పరీక్ష చేయించండి. రెండంతస్తులు ఆగకుండా ఎక్కితే ఛాతీ బరువు, దవడ లాగడం, మామూలుకు మించిన ఆయాసం ఉంటే ముందు గుండె డాక్టరు. షుగర్ ఉన్నవారికి గుండె ఇబ్బంది నొప్పి లేకుండా ఒట్టి ఆయాసంగానే కనిపించవచ్చు. అరికాళ్లు తిమ్మిరిగా ఉంటే ఏట్లో చెప్పుల్లేకుండా దిగొద్దు. మధ్యాహ్నం గుడి బండలమీద నడిచినా బొబ్బలు లేచేదాకా తెలియదు.

మొదటి నెల కొండ జోలికి పోకుండా తుమ్మలపెంట బీచ్‌లో నడవండి. మీకు దగ్గర. సూర్యోదయానికి వెళ్లి, తడి గట్టిగా ఉన్న ఇసుకమీద 20 నిమిషాలతో మొదలుపెట్టి 45కి పెంచండి. వారానికి ఐదు రోజులు. వాటిలో మూడు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, మూడు విడతలు. మోకాళ్లను కాపాడేది ఈ తొడ కండరాలే. ఎక్కేటప్పుడు గుండె కష్టపడుతుంది, దిగేటప్పుడు మోకాలు. దిగుడులో తొడ కండరం సాగుతూ బరువును ఆపాలి కాబట్టి మర్నాడు, మూడోనాడు మెట్లు దిగలేనంత నొప్పి పెడుతుంది. అది మామూలే. మోకాలు వాచినా, ఒకేవైపు పిక్క ఉబ్బి నొప్పి పెట్టినా మాత్రం చూపించుకోవాలి. దిగేటప్పుడు చిన్న అడుగులు, అడ్డంగా వంకరటింకరగా, చేతికర్ర ముందు ఆనించి తర్వాత కాలు.

రెండో నెలలో భైరవకోన. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. దగ్గరిదాకా రోడ్డుంది, ఎక్కే శ్రమ తక్కువ. ఆశ్చర్యపోవడానికి మొదటి పాఠంగా ఇంతకన్నా మంచి చోటు ఈ చుట్టుపక్కల నాకు తోచడం లేదు. తర్వాత పెంచలకోన. 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఉదయగిరి దుర్గం చివరికి ఉంచండి. కొండ ఎత్తు సముద్రమట్టానికి దాదాపు 3 వేల అడుగులు. మొదటిసారి స్థానికుల్ని ఒకరిని వెంటబెట్టుకోండి. వేగం ఎంతుండాలంటారా? టీచరు కదా, వేమన పద్యం ఒకటి పైకి చదవండి. నాలుగు పాదాలూ రొప్పకుండా వస్తే సరైన వేగం, రెండో పాదానికే ఊపిరి అందకపోతే ఆగాలి.

కాలం ఎంచుకోవడంలో మొహమాటం వద్దు. మన జిల్లాలకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మొదటివారాల దాకా. ఆ రోజుల్లో పైన కురిసిన వానకు కోనల్లో ఏరు హఠాత్తుగా పొంగుతుంది, నాచు పట్టిన బండ జారుతుంది. డిసెంబరు నడుమ నుంచి ఫిబ్రవరి చివరిదాకా మీకు అనువైన కాలం. మార్చి మధ్య నుంచి బీచ్ నడకే.

వెలికొండల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి. తెల్లవారుజామున, సందె చీకట్లో తిరుగుతాయి. బాగా వెలుతురు వచ్చాకే అడవి దారి పట్టండి, కర్ర తాటిస్తూ నడవండి, పదకొండు కొట్టేసరికి ఎక్కడున్నా వెనుదిరగండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు. బండల కింద వేలాడే పెద్ద తేనెపట్లకు దూరంగా ఉండండి, అత్తరు, పొగ వాటిని రేపుతాయి. పాము కాటేస్తే కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటు మందు – నాలుగూ వద్దు. ఉంగరం, మెట్టెలు, పట్టీలు తీసేసి, కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయండి. సిగ్నల్ లేక, కేకేసినా ఎవరూ పలకకపోతే పరుగెత్తకుండా మెల్లగా మనుషులున్న చోటికి నడవడమే మార్గం. అటవీ ప్రాంతంలోకి అనుమతి కావాలేమో ముందు రేంజ్ ఆఫీసులో కనుక్కోండి.

అబ్బాయితో వాదన పెట్టుకోకుండా ఒక ఏర్పాటు చేసుకోండి. లైవ్ లొకేషన్‌ను నమ్ముకోవద్దు, కోనల్లో సిగ్నల్ పోతుంది. ఏ దారి, ఎన్నింటికి దిగుతారు అన్నది ముందురోజే మెసేజ్ పెట్టండి. దించిన ఆటో డ్రైవరునే ఒంటి గంటకు రమ్మని చెప్పి, ఆయన నంబరు అబ్బాయికి ఇవ్వండి. రెండైనా మీ ఫోన్ రాకపోతే అబ్బాయి ముందు ఆ ఆటో డ్రైవరుకు, తర్వాత అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయాలి. మీ మెడలోనో సంచిలోనో ‘షుగర్ ఉంది, గ్లిమిపిరైడ్ వాడుతున్నాను’ అని తెలుగులో రాసిన చీటీ ఉండాలి.

ప్రతి నడకలో చూసిన షుగర్ అంకెలు, బీపీ, ఆ రాత్రి నిద్ర ఒక నోటు పుస్తకంలో రాయండి. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ చేయించుకుని, ఆ పుస్తకంతో డాక్టరు దగ్గరికి వెళ్లండి. వారానికి ఐదు రోజుల నడక నిలబడితే గ్లిమిపిరైడ్ తగ్గించే అవకాశం, ఒక్కోసారి పూర్తిగా ఆపేసే అవకాశం ఉంటుంది. కొండమీద మీరు మోసే ప్రమాదంలో పెద్ద భాగం దాంతోనే పోతుంది.