వేట సరే తమ్ముడూ, ఖర్చు లెక్క వేశావా?

ప్రశ్న: అన్నయ్యా, నెవాడాలో విన్నెమకా దగ్గర బంగారు గనిలో చేరి నాలుగు నెలలైంది. హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నాను. షిఫ్టులో వాళ్ళు చుకార్ అనే పిట్టల వేటకి రమ్మంటున్నారు. వాళ్ళలో ఒకాయన చలికాలం ట్రాపింగ్ (ఉచ్చులు పెట్టి జంతువుల్ని పట్టడం) చేస్తాడట, కయోటీ (నక్కలాంటిది), బాబ్‌క్యాట్ (అడవి పిల్లి) తోళ్ళు అమ్మితే సైడ్ ఇన్‌కమ్ బాగుంటుందంటున్నాడు. తుపాకీ, ట్రాపులు, వేటకుక్క కొందామనుకుంటున్నా. లిస్టు పంపుతున్నాను, ఒకసారి చూడండి. మా ఆవిడకి మాత్రం ఇదంతా నచ్చడం లేదు.

జవాబు: తమ్ముడూ, లిస్టు చూశాను. కింద టోటల్ వెయ్యలేదు నువ్వు. నేను వేశాను. ఆ డబ్బుతో ఇద్దరూ సంక్రాంతికి ఇంటికి వెళ్ళి రావచ్చు. పైగా అందులో పెట్రోలు లేదు, మంచు టైర్లు లేవు, కుక్కని డాక్టరుకి చూపించే ఖర్చు లేదు. కొత్తగా వచ్చినవాళ్ళంతా ఇంతే, వస్తువు ధర చూస్తారు గానీ దాని వెనకాల వచ్చే ఖర్చు చూడరు.

రూల్స్ గురించి రెండు ముక్కలు చెప్పి వదిలేస్తాను, మిగతాది రాష్ట్ర వన్యప్రాణి శాఖ వెబ్‌సైట్‌లో ఉంటుంది, చదువుకో. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. కాబట్టి ముందు లైసెన్స్, ఆ తర్వాతే తుపాకీ. పక్కవాడు తనది 'ఒకసారి పట్టుకో' అని ఇచ్చినా సరే, ముట్టుకోకు. 1960 జనవరి 1 తర్వాత పుట్టినవాళ్ళు లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ అనే వేట కోర్సు పాసవ్వాలి. ఇంకొకటి, నెవాడాలో ఆరు నెలలు నిండితేనే రెసిడెంట్ (స్థానికుల) రేటు. నాన్ రెసిడెంట్ లైసెన్స్ చాలా ఎక్కువ. నీకు నాలుగు నెలలే అయింది కదా, ఇంకో రెండు నెలలు ఓపిక పట్టు. ఆ తేడా డబ్బు నీ జేబులోనే ఉంటుంది.

ఇక ట్రాపింగ్. నీ లిస్టులో అన్నిటికంటే నన్ను భయపెట్టింది ఇదే, ఎందుకంటే నేనూ సరిగ్గా ఇక్కడే పడ్డాను.

2012లో సింగరేణి ఉద్యోగం వదిలి ఇక్కడ నెవాడాలోనే ఎల్కో ఊరికి వచ్చాను. అప్పట్లో మంచి బాబ్‌క్యాట్ తోలు ఒక్కోటి వందల డాలర్లు పలికేది. రష్యా, చైనా కొనుగోలుదార్లు ఎగబడి కొంటున్న రోజులు. మా క్యాంటీన్‌లో ఒక డ్రిల్లర్ తోళ్ళ తాలూకు చెక్కు జేబులో పెట్టుకుని తిరిగేవాడు, అడిగినవాడికీ అడగనివాడికీ చూపించేవాడు. ఆ రాత్రి నేను దాన్ని రూపాయల్లోకి మార్చుకుని, కొత్తగూడెంలో ఎన్ని గజాలొస్తాయో లెక్కేసుకున్నాను. సోమవారానికల్లా కాలు పట్టే స్టీల్ ట్రాపులు, గొలుసులు, మేకులు, వాటిని మరగబెట్టే రంగు, తోళ్ళు సాగదీసే చెక్కలు, చివరికి జంతువుల్ని ట్రాపు దగ్గరికి రప్పించడానికి సీసాల్లో అమ్మే నక్క మూత్రం కూడా కొన్నాను. మన ఊళ్ళో ఎవరికైనా చెప్తే నవ్వుతారు, డబ్బిచ్చి మరీ నక్క మూత్రం కొన్నానంటే! అది గరాజ్‌లో ఒలికింది. నెలల తరబడి మా ఆవిడ అటు వైపే రాలేదు.

నెవాడాలో పెట్టిన ట్రాపుల్ని కనీసం 96 గంటలకోసారి వెళ్ళి చూడాలి. అంటే నాలుగు రోజులు. నా షిఫ్టు నాలుగు రోజులు డ్యూటీ, నాలుగు రోజులు సెలవు, రోజుకి పన్నెండు గంటలు. సెలవు చివర్లో చూసి వచ్చినా, డ్యూటీ ముగిసేలోపు మళ్ళీ గడువు వచ్చేస్తుంది. గనిలో పన్నెండు గంటలు నిలబడి, చీకట్లో మంచు మీద రూబీ కొండల దాకా బండి నడిపి, ఖాళీ ట్రాపుల్ని చూసి వచ్చేవాణ్ణి. కయోటీలు మహా తెలివైనవి. పూడ్చిన ట్రాపుని పక్క నుంచి తవ్వి బయటపెట్టి, దాని మీదే పెంట వేసి పోయేవి. చివరికి నాకు మొదట పడింది స్కంక్. అది చిమ్మిన కంపు నా జాకెట్‌కి, జాకెట్ నుంచి బండి సీట్లకి పట్టింది. సీట్లు కడిగించడానికి ఇచ్చిన డబ్బు నాకిప్పటికీ గుర్తే.

తర్వాత ఒక కయోటీ పడింది. ఆ డ్రిల్లరే తోలు ఒలవడం నేర్పించాడు, పాపం మంచివాడే. అమ్ముదామని తోలు సిద్ధం చేసుకున్నాక మా ఆఫీసులో హెచ్‌ఆర్ ఆవిడ అడిగింది, "నీ వీసా మీద ఇది అమ్మొచ్చా?" అని. హెచ్-1బి అంటే ఆ యజమాని దగ్గర చేసే పనికి ఇచ్చిన అనుమతి. సొంతంగా చిన్న వ్యాపారం పెట్టుకుంటే కొంప మునగొచ్చు. లాయరుని అడిగితే అదే చెప్పి అరగంటకి ఫీజు తీసుకున్నాడు. ఆ ఫీజు ఆ తోలు ధరకంటే ఎక్కువ. నెవాడాలో తోళ్ళు అమ్మాలంటే ట్రాపింగ్ లైసెన్స్ కూడా కావాలి, అది వేరే ఖర్చు. అదీ కట్టే ఉన్నాను.

సరే, గ్రీన్ కార్డు వచ్చాక అమ్ముకుందాం అనుకున్నాను. మన ఇండియా వాళ్ళ క్యూ సంగతి నీకు చెప్పాలా? 2014 చివర్లో రష్యా రూబుల్ కూలింది, చైనా వాళ్ళూ కొనడం తగ్గించారు. 2019లో టొరంటోలో ఉన్న పెద్ద బొచ్చుతోళ్ళ వేలం సంస్థ అప్పుల్లో మునిగి కోర్టు రక్షణ కోరింది. కయోటీ బొచ్చుని కోటు టోపీలకి కుట్టే కెనడా గూస్ కంపెనీ ఇక బొచ్చు వాడబోమని 2021లో ప్రకటించింది. నా చేతికి కార్డు వచ్చేసరికి కొనే నాథుడు లేడు. మీ షిఫ్టాయన సైడ్ ఇన్‌కమ్ అంటున్నాడే, పెట్రోలు తీసేశాక మిగిలిందెంతో అడుగు. మొహం పక్కకి తిప్పుకుంటాడు. మంచి బాబ్‌క్యాట్ దొరికితే ఇప్పటికీ కొంత వస్తుందనుకో, కానీ ఆ డబ్బు తాము పుట్టి పెరిగిన కొండల్లో ట్రాప్ పెట్టేవాళ్ళకి, నీకూ నాకూ కాదు. ఇంకో మాట, నెవాడా ట్రాపులు బండిలో వేసుకుని కాలిఫోర్నియా వైపు పోవద్దు. బొచ్చు కోసం ట్రాపింగ్ అక్కడ 2019 చట్టంతో ఆగిపోయింది.

చుకార్‌కి మాత్రం వెళ్ళు. ఇది మన కౌజు పిట్ట జాతిదే, కాస్త పెద్దది, ఎర్ర ముక్కు, ఎర్ర కాళ్ళు. 1893లో కరాచీ నుంచి అమెరికాకి తెచ్చారట, అంటే నీకూ నాకూ కంటే చాలా ముందే మన వైపు నుంచి వచ్చి ఇక్కడ సెటిలైపోయింది. నెవాడాలో 1947 నుంచి దీనికి సీజన్ ఉంది, అక్టోబరులో మొదలవుతుంది. రాష్ట్రంలో దాదాపు 80 శాతం ఫెడరల్ ప్రభుత్వ భూమి కాబట్టి తిరగడానికి డబ్బు కట్టక్కర్లేదు. నాకు నచ్చింది అదే. మనిషి ఎక్కుతుంటే ఈ పిట్ట కొండ పైకి పరిగెడుతుంది. మనం రొప్పుతూ పైకి చేరేసరికి కిందికి ఎగిరిపోతుంది. మొదటిసారి సరదాకి పోతారు, తర్వాతవన్నీ పగ తీర్చుకోవడానికే అని ఇక్కడి వాళ్ళ జోకు. ఈ వయసులో కూడా నేను కుర్రాళ్ళకంటే ముందు శిఖరం చేరుతున్నాను, అది వేరే సంగతి.

కూర వండేటప్పుడు మాంసాన్ని వేళ్ళతో బాగా తడిమి తుపాకీ గుళ్ళు ఏరెయ్యాలి. నేను ఏరలేదు. ఒక గుండు పంటి కింద పడి పన్ను విరిగింది. పంటి తొడుగుకి (క్రౌన్) డెంటల్ ఇన్సూరెన్స్ సగమే ఇచ్చింది. ఆ పిట్ట నాకెంత పడిందో ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదు. కుందేళ్ళు తెచ్చుకుంటే గ్లవుజులు లేకుండా కొయ్యొద్దు, వాటి నుంచి తులరీమియా అనే జ్వరం వస్తుంది. ఇక్కడ హాస్పిటల్ బిల్లు చూస్తే రెండోసారి జ్వరం వస్తుంది.

కుక్క వద్దే వద్దు. మూడేళ్ళలో నువ్వు ఏ రాష్ట్రానికి మారతావో నీకే తెలీదు. చీట్‌గ్రాస్ అనే గడ్డి గింజ వేటకుక్క చెవిలోకి, ముక్కులోకి దూరుతుంది. దాన్ని తీయించడానికి మత్తు ఇవ్వాలి, దానికో బిల్లు. ఎవరో పెట్టిన ట్రాపులో కాలు పడొచ్చు కూడా. వాళ్ళ కుక్కలతో వెళ్ళినప్పుడు ఇది తెలిసి ఉండాలి: ట్రాప్ రెండు వైపులా ఉన్న స్ప్రింగ్ మీటల్ని ఒకేసారి గట్టిగా కిందికి తొక్కితే దవడలు తెరుచుకుంటాయి. కుక్క భయంతో కరుస్తుంది, ముందు మూతి మీద జాకెట్ కప్పు.

మీ ఆవిడ సంగతి రాశావు. మూగజీవాల మీద జాలి అయితే దానికి నా దగ్గర జవాబు లేదు, మీరిద్దరూ మాట్లాడుకోండి. ఖర్చు గురించి అయితే ఆవిడే కరెక్టు.

తుపాకీ ఈ ఏడాది కొనకు. లైసెన్స్ చేతికొచ్చాక వాళ్ళదే అడుగు, ఎవరి ఇంట్లో చూసినా నాలుగైదు ఉంటాయి, సంతోషంగా ఇస్తారు. బదులుగా పెట్రోలుకి నీ వాటా ఇవ్వు, ఒకసారి బిర్యానీ పట్టుకెళ్ళు, కారం తగ్గించి. లిస్టులో బూట్లు ఒక్కటే ఉంచి మిగతావన్నీ కొట్టెయ్. ఆ రాళ్ళ మీద మామూలు షూస్‌తో నడిస్తే మడమ పోతుంది. చీలమండ పైదాకా వచ్చేవి తీసుకో, మందం సాక్సు వేసుకుని మరీ సైజు చూసుకో. అవి కూడా ఇప్పుడే కొనొద్దు, సెప్టెంబరులో వచ్చే లేబర్ డే సేల్ దాకా ఆగు.