అర్తెమీసియా తన ముఖాన్నే ఎందుకు చిత్రించుకుంది?

ప్రశ్న: ఇటలీ చిత్రకారిణి అర్తెమీసియా జెంటిలెస్కి తనపై జరిగిన అత్యాచారం తాలూకు వేదననే స్వీయచిత్రాల్లో వెళ్లగక్కిందని చదివాను. ఇది ఎంతవరకు నిజం?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: కొంతవరకే నిజమని నా అభిప్రాయం. 1611లో రోమ్ నగరంలో, ఆమె తండ్రితో కలిసి పనిచేసే అగోస్తీనో తాస్సీ అనే చిత్రకారుడు 17 ఏళ్ల అర్తెమీసియాపై అత్యాచారం చేశాడు. మరుసటి ఏడాది నెలల తరబడి సాగిన విచారణలో, ఆమె మాట నిజమో కాదో తేల్చడానికని నిందితుడి ఎదుటే ఆమె వేళ్లకు తాళ్లు చుట్టి బిగించారు. కుంచె పట్టుకోవలసిన వేళ్లవి. అయినా ఆమె చెప్పిన మాట మార్చలేదు. దోషిగా తేలిన తాస్సీకి రోమ్ నుంచి బహిష్కరణ శిక్ష పడింది గానీ, అది సరిగా అమలు కానేలేదు.

ఆ తర్వాత పెళ్లి చేసుకొని ఫ్లోరెన్సుకు వెళ్లిన అర్తెమీసియా, 1615–17 ప్రాంతంలో తనను తాను సెయింట్ కేథరిన్‌గా చిత్రించుకుంది. లండన్‌లోని నేషనల్ గ్యాలరీ ఈ చిత్రాన్ని 2018లో కొన్నది. కేథరిన్‌ను హింసించి చంపడానికి తెచ్చిన ముళ్ల చక్రం విరిగిపోయిందని క్రైస్తవ గాథ. చిత్రంలో ఆమె ఎడమచేయి ఆ విరిగిన చక్రం మీదే ఆని ఉంటుంది. కుడిచేతి వేళ్ల మధ్య మతం కోసం చేసిన ప్రాణత్యాగానికి గుర్తయిన తాటాకు ఉంటుంది. కళ్లలో నీళ్లు లేవు, చూపు తిన్నగా మన మీదే ఉంటుంది. ఇనుప ముళ్ల పక్కన అంత నిబ్బరంగా ఉన్న ఆ వేళ్లను చూస్తే నాకు విచారణ గది గుర్తుకు రాక మానదు.

అయితే అన్నిటినీ ఆ ఒక్క సంఘటనకే ముడిపెట్టడం తగదు. అద్దంలో కనిపించే తన ముఖమైతే మోడల్‌కు డబ్బులివ్వనక్కర్లేదు. పైగా పేరు తెచ్చుకుంటున్న యువ చిత్రకారిణి రూపానికి ఫ్లోరెన్సులో గిరాకీ ఉండేది. 1616లో అక్కడి చిత్రకళా అకాడెమీలో చేరిన తొలి మహిళ ఆమే. ఇంకో సంగతి, స్నానమాడుతున్న, బైబిల్ గాథలోని సుసానా మీదికి ఇద్దరు వృద్ధులు వంగి వేధిస్తుండగా, ఆమె ముఖం తిప్పుకొని చేతులతో వారిస్తున్నట్టు అర్తెమీసియా వేసిన ప్రసిద్ధ చిత్రంపై ఉన్న తేదీ 1610. అంటే అత్యాచారానికి ముందటిది. స్త్రీ పడే జుగుప్సను అంత దగ్గరగా చూడగల కన్ను ఆమెకు తాస్సీ వల్ల వచ్చింది కాదు.