ప్రశ్నపత్రం వెనక రాసిన ఉత్తరం

ఈ వారం శీర్షిక మొత్తం ఒకే ఉత్తరానికి కేటాయిస్తున్నాను. విజయవాడలో ఒక కళాశాల హాస్టల్‌లో ఉండి ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతున్న అమ్మాయి రాసిన ఉత్తరమిది. పేరు వేయవద్దని కోరింది కనుక వేయడం లేదు. వారాంతపు భౌతికశాస్త్ర పరీక్ష ప్రశ్నపత్రం వెనక, ఖాళీ ఉన్న చోటల్లా, అంచుల్లో కూడా రాసింది. ఆదివారం ఔటింగ్‌లో చేతికి ఫోను వచ్చే మూడు గంటల్లో చూసినవి, ఆ తర్వాత ఆరు రోజులు స్టడీ అవర్ ముగిశాక గదిలో నలుగురూ వాదించుకున్నవి, అన్నీ కలిపి ఏడు ప్రశ్నలు. "ఇవి టైంపాస్ ప్రశ్నలే, వీలైతేనే జవాబివ్వండి" అని చివర ఒక వాక్యం చేర్చింది. వయసులో మనుమరాలి వంటిదే అయినా ఈ శీర్షికలో అందరినీ 'మీరు' అనడం మా అలవాటు కనుక అలాగే రాస్తున్నాను.

ప్రశ్న: 'నాటు నాటు' పాటను ఉక్రెయిన్‌లో తీశారని నేను, రామోజీ ఫిలింసిటీలో వేసిన సెట్టు అని మా రూమ్మేటు పందెం వేసుకున్నాం. రెండు ఐస్‌క్రీములు పందెం. ఎవరు గెలిచారు?

ఐస్‌క్రీములు మీవే. ఆ భవనం ఉక్రెయిన్ రాజధాని కీవ్‌లోని మరియిన్‌స్కీ ప్రాసాదం; ఆ దేశాధ్యక్షుని అధికారిక వేడుకలు జరిగే చోటు. 1920ల నాటి ఢిల్లీలో తెల్లదొరల విందు జరుగుతున్నట్టు మనం నమ్మిన పచ్చిక అక్కడిదే. చిత్రీకరణ 2021 ఆగస్టులో జరిగింది. మరో ఆరు నెలలకు, 2022 ఫిబ్రవరి 24న, ఆ నగరంపై క్షిపణులు పడ్డాయి. ఆ పాటకు గోల్డెన్ గ్లోబ్ 2023 జనవరిలోనూ, ఆస్కార్ అదే ఏడాది మార్చిలోనూ వచ్చే నాటికి కీవ్ ప్రజలు సైరన్లు మోగినప్పుడల్లా మెట్రో స్టేషన్లలోకి పరుగెత్తి తలదాచుకుంటున్నారు.

కీవ్ అనే పేరు మనకు ఈ పాటతోనే తెలిసిందని మీ తరం అనుకుంటే అది పొరపాటు. ఎంబీబీఎస్ సీటు ఇక్కడ దొరకక ఉక్రెయిన్ వెళ్ళిన పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఆ పేరు అంతకు ముందునుంచీ వినిపిస్తూనే ఉంది. యుద్ధం మొదలైన రోజుల్లో పిల్లలను వెనక్కి తెచ్చే 'ఆపరేషన్ గంగ' విమానాల కోసం ఆ తల్లిదండ్రులు టీవీల ముందు కూర్చుని ఎదురుచూశారు. మీ రూమ్మేటును మాత్రం తక్కువగా చూడకండి. తెలుగు సినిమాలో రాజభవనం కనబడితే సెట్టు అనుకోవడం ఎన్నో సినిమాలు చూసి నేర్చుకున్న సహేతుకమైన అనుమానమే. ఇంతకీ అది ఉక్రెయిన్ అని మీకెలా తెలుసు? ఆ సంగతి ఉత్తరంలో రాయలేదు. ఏదో రీల్‌లో చూసి ఉంటే, ఈసారికి ఆ రీల్ నిజమే చెప్పింది.

ప్రశ్న: "వార్తలు సిలబస్‌లో లేవు, అవి మీకెందుకు?" అంటారు మా సార్. వార్తలు చూడడం నిజంగా సమయం వృథాయేనా?

పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో మీ సార్ ఆ మాట అనడంలో తప్పు లేదు. కానీ సిలబస్సే వార్త అయిన సందర్భం ఒకటి చెబుతాను. 2024 మే 5న నీట్ జరిగింది, జూన్ 4న ఫలితాలు వచ్చాయి. 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయనేసరికి దేశమంతా గగ్గోలు పుట్టింది. పేపరు లీకు ఆరోపణలు, సీబీఐ విచారణ, సుప్రీంకోర్టులో వాదనలు మీరు వినే ఉంటారు. ఆ గొడవ మధ్యలో అందరూ అంతగా పట్టించుకోని ఒక భౌతికశాస్త్ర ప్రశ్న ఉంది.

పరమాణువుల గురించి రెండు వాక్యాలిచ్చి ఏవి ఒప్పో, ఏవి తప్పో చెప్పమన్నారు. రెండో వాక్యంలో 'ప్రతి మూలకపు పరమాణువులూ స్థిరమైనవే' అన్న అర్థం ఉంది. పాత ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఆ వాక్యం అలాగే ఉండేది; కొత్త పుస్తకంలో 'చాలా మూలకాల' అని సవరించారు. రేడియోధార్మికత పాఠం చదివిన వారెవరికైనా సవరణ ఎందుకో తెలుస్తుంది. పాత పుస్తకం నమ్ముకుని రాసినవారికి అన్యాయం జరగకూడదని పరీక్ష నిర్వహించిన సంస్థ రెండు జవాబులకూ మార్కులు వేసింది. సుప్రీంకోర్టు అడిగిన మీదట ఢిల్లీ ఐఐటీ నిపుణులు ముగ్గురు పరిశీలించి జవాబు ఒకటే, అది కొత్త పుస్తకం ప్రకారం వచ్చేదే అని తేల్చారు. పరీక్షను రద్దు చేయనవసరం లేదని జూలై 23న కోర్టు చెప్పింది. సవరించిన ఫలితాల్లో పూర్తి మార్కుల వారు 17 మందే మిగిలారు. కొందరికి మళ్ళీ పరీక్ష పెట్టడంతో 67 మంది అప్పటికే 61కి తగ్గారు; ఆ 61 మందిలో 44 మంది ఆ ఒక్క ప్రశ్న దగ్గర కిందికి జారారు.

ఆ రోజుల్లో టీవీ చర్చల్లో గొంతు చించుకున్న పెద్దల్లో ఎంతమంది ఆ ప్రశ్న చదివి ఉంటారు? మీ గదిలో బైపీసీ అమ్మాయి ఉంటే, ఆమె పుస్తకం తెరిచి పది నిమిషాల్లో ఆ వివాదాన్ని వారికంటే బాగా అర్థం చేసుకోగలదు. వార్తలు పెద్దవారి విషయం అనే మాట నేను ఒప్పుకోనిది ఇందుకే.

ప్రశ్న: నేపాల్ ఆందోళనల్లో 'వన్ పీస్' జెండా చూసి మేమందరం కేకలు పెట్టాం, వార్డెన్ వచ్చి తిట్టారు. ఒక కార్టూన్ జెండా దేశాన్ని మార్చగలదా?

ఆ జెండా సంగతి తెలియని పాఠకుల కోసం ఒక మాట చెప్పాలి. 1997లో మొదలై నేటికీ సాగుతున్న జపాన్ బొమ్మల కథ 'వన్ పీస్'. గడ్డి టోపీ పెట్టుకున్న పుర్రె అందులోని కుర్ర సముద్రపు దొంగల గుర్తు. అవినీతి పాలకులతో వారు కయ్యానికి దిగుతారు. 2025 ఆగస్టులో ఇండోనేషియాలో స్వాతంత్ర్య దినోత్సవానికి ముందు నిరసనగా ఇళ్ళ మీద, లారీల మీద ఎగిరిన ఆ జెండా, మరుసటి నెలలో కఠ్మాండూలో యువకుల చేతుల్లో కనిపించింది.

అక్కడ ప్రభుత్వం 26 సామాజిక మాధ్యమాలను నిలిపివేయడం నిప్పురవ్వ అయింది. నాయకుల పిల్లల విలాసాల మీద, అవినీతి మీద కోపం అంతకు ముందునుంచే రాజుకుంటోంది. సెప్టెంబర్ 8 ఒక్కరోజే 19 మంది చనిపోయారు. మర్నాడు ప్రధాని ఓలీ రాజీనామా చేశారు, పార్లమెంటు భవనం తగలబడింది. అక్కడ చిక్కుకున్న మన తెలుగు యాత్రికులను ప్రత్యేక విమానంలో విశాఖపట్నం చేర్చవలసి వచ్చింది. మీరు కేకలు పెట్టిన దృశ్యం వెనక ఇంత ఉంది కనుక, వార్డెన్ తిట్టారని ఎక్కువ బాధపడకండి.

నన్ను ఆకట్టుకున్నది జెండా తర్వాతి ఘట్టం. ఆట ఆడేవారు కబుర్లు చెప్పుకోవడానికి పుట్టిన డిస్కార్డ్ యాప్‌లో వేలమంది యువకులు చేరి, తాత్కాలిక ప్రధానిగా ఎవరుండాలో గంటల తరబడి వాదించుకున్నారు. పేర్లు వచ్చాయి, కొన్ని వీగిపోయాయి. చివరికి వారు మొగ్గు చూపిన మాజీ ప్రధాన న్యాయమూర్తి సుశీలా కర్కి సెప్టెంబర్ 12న ఆ దేశపు తొలి మహిళా ప్రధాని అయ్యారు. మాకెవరు వద్దో చెప్పడానికి జెండా సరిపోయింది. ఎవరు కావాలో తేల్చుకోవలసి వచ్చేసరికి కూర్చుని మాట్లాడుకోక తప్పలేదు. మీ హాస్టల్ గదిలో రాత్రి పదిన్నరకు జరిగేది చిన్న ఎత్తున అదేనని నా అనుమానం. అది టైంపాస్ అని మీరే పేరు పెట్టుకున్నారు గానీ, నేనైతే పెట్టను.

ప్రశ్న: రష్మిక డీప్‌ఫేక్ వీడియో వచ్చినప్పుడు నేను పదో తరగతి. అది నిజమైనదేనని క్లాసులో గట్టిగా వాదించింది నేనే. ఇప్పటికీ ఫ్రెండ్స్ ఏడిపిస్తారు. ఎలా మోసపోయాను?

2023 నవంబర్‌లో ఆ వీడియో చూసి మోసపోయినవారిలో పెద్దవాళ్ళు కోకొల్లలు కనుక సిగ్గుపడనక్కరలేదు. లిఫ్టులోకి వచ్చిన మరొక యువతి వీడియోకు నటి ముఖం అతికించారు. తర్వాతి కథ మీకు తెలుసో లేదో. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు మన గుంటూరు ప్రాంతానికి చెందిన ఒక యువ ఇంజనీరును అరెస్టు చేశారు. పోలీసులు చెప్పిన ప్రకారం అతడు ఆ నటి మీద పగబట్టినవాడేమీ కాదు, ఆమె పేరుతో అభిమానుల పేజీ నడుపుతున్నవాడు. ఫాలోయర్లను పెంచుకోవడానికి ఆ పని చేశాడట. అభిమానం అన్నది అవతలి మనిషిని మనిషిగా చూడడం మానేసినప్పుడు ఎంత దూరం పోగలదో ఇంతకంటే చెప్పలేను.

మీ ప్రశ్నలో మోసపోవడం కంటే 'గట్టిగా వాదించింది' అన్న మాట దగ్గర నేను ఆగాను. చూసినదాన్ని నమ్మడానికి ఒక్క క్షణం చాలు, అందులో మన ప్రమేయం తక్కువ. నలుగురి ముందు నోరు విప్పాక మాత్రం ఆ వీడియో మీ సొంత ఆస్తి అయిపోయింది. దాన్ని కాపాడుకోవలసిన బాధ్యత మీ మీద పడింది. అప్పటికి మీ దగ్గర ఉన్నది అభిప్రాయం కాదు, పక్షం. పెద్దవాళ్ళ రాజకీయ చర్చల్లో తొంభై పాళ్ళు ఇదే కనుక, పదో తరగతిలోనే పట్టుబడడం ఒక రకంగా మీ అదృష్టం.

ప్రశ్న: ఆస్ట్రేలియాలో పదహారేళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా బంద్ చేశారట. మా హాస్టల్ రెండేళ్ళుగా అదే చేస్తోంది. మా హాస్టల్‌కు అవార్డు ఇవ్వాలా?

హాస్యం బాగుంది. కానీ రెండింటికీ ఒక తేడా ఉంది. 2025 డిసెంబర్ 10 నుంచి అమలులోకి వచ్చిన ఆ చట్టం పిల్లల ఖాతాలను అడ్డుకోవలసిన బాధ్యతను కంపెనీల నెత్తిన పెట్టింది, తప్పితే 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల వరకు జరిమానా. పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ శిక్ష లేదు. మీ హాస్టల్‌లో ఫోను దొరికితే శిక్ష ఎవరికో మీకు నాకంటే బాగా తెలుసు. అందువల్ల అవార్డు వాయిదా వేద్దాం.

ప్రశ్న: మీ అభిమాన హీరో ఎవరు?

చదువుకునే రోజుల్లో ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పి, ప్రాణస్నేహితుడితో రెండు నెలలు మాటల్లేకుండా గడిపాను. సంపాదకులు నన్ను ఈ శీర్షికలో ఇంకొంతకాలం ఉంచాలనుకుంటున్నారు. తర్వాతి ప్రశ్న.

ప్రశ్న: మార్చిలో నాకు 18 నిండుతాయి. ఓటు ఎవరికి వేయాలో నాన్నగారు అప్పుడే చెప్పేశారు. నాకు వేరే ఆలోచన ఉంది, కానీ అది నా ఆలోచనో, నేను చూసే రీల్స్‌దో తెలియడం లేదు. ఏం చేయాలి?

ముందు పని సంగతి. ఒకప్పుడు జనవరి 1 నాటికి 18 నిండితేనే ఆ ఏడాది పేరు నమోదయ్యేది. ఇప్పుడు జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబర్ నెలల మొదటి తేదీలు నాలుగూ అర్హత తేదీలే కనుక మీకు ఏప్రిల్ 1 వర్తిస్తుంది. 17 నిండినవారు ముందుగానే ఫారం 6 నింపి ఇవ్వవచ్చు. హాస్టల్ చిరునామా ఇవ్వాలా, సొంత ఊరిది ఇవ్వాలా అనేది మీ ఇష్టం. ఏదో ఒక చోటే ఇవ్వాలి. జూన్‌లో హాస్టల్ ఖాళీ చేస్తారు కనుక ఊరి చిరునామా మేలని నా సలహా. మీ అమ్మమ్మగారి తరానికి పద్దెనిమిదేళ్ళకే ఓటు అన్నది కొత్త ముచ్చట. రాజ్యాంగానికి 61వ సవరణ చేసి ఓటు వయసును 21 నుంచి తగ్గించాక, 1989లో అది అమలులోకి వచ్చింది.

ఇక నాన్నగారి మాట. ఆయన చెప్పింది వినండి, ఎందుకు అలా అనుకుంటున్నారో అడగండి. కాలువకు నీళ్ళు వచ్చాయనో, పింఛను ఆగిందనో, ఉద్యోగాల నోటిఫికేషన్ రాలేదనో, తన బతుకులోంచి ఒక కారణం చెబుతారు. అది మీకు ఏ రీల్‌లోనూ దొరకదు. విన్నాక ఓటు మాత్రం మీరే వేయాలి. ఓటింగ్ యంత్రం చుట్టూ అట్ట అడ్డుపెట్టేది నాన్నగార్ల కోసం కూడా.

మీ ఆలోచన మీదో కాదో తేల్చుకోవడానికి నేను పాటించే మోటు పద్ధతి ఒకటుంది. ఒక నోటుపుస్తకంలో ఎడమ పేజీలో నేను అనుకున్నది, కుడి పేజీలో అది నాకు ఎక్కడి నుంచి వచ్చిందో రాస్తాను. ఎవరి నోట విన్నాను, ఏ తేదీన, ఎదుటివాడు ఏం చూపిస్తే నేను మనసు మార్చుకుంటాను, ఈ మూడూ. నలభై ఏళ్ళుగా రాస్తున్నా కుడి పేజీలు సగం ఖాళీగానే ఉన్నాయి. మీరు ఈ ఉత్తరంలో రెండు చోట్ల 'ఎలా మోసపోయాను', 'తెలియడం లేదు' అని రాశారు. అంటే మీ కుడి పేజీ అప్పుడే మొదలైంది. శాసనసభ, లోక్‌సభ ఎన్నికలు 2029లో జరగవలసి ఉన్నాయి కనుక నింపడానికి తీరిక కూడా ఉంది.

మీ ప్రశ్నపత్రాన్ని తిప్పి కూడా చూశాను, క్షమించాలి. పద్నాలుగో లెక్కలో రాయి ఎంత ఎత్తుకు పోతుందన్న దానికి మీరు 9.8 వేసుకుని పక్కన దశాంశాలతో కుస్తీ పట్టారు. గురుత్వ త్వరణాన్ని 10గా తీసుకోమని ప్రశ్న చివర బ్రాకెట్లో ఉంది.