యుద్ధం మాట ఎత్తని బొమ్మలు

తమ్ముడూ,

నువ్వు రాసిన కథ చదివాను. యుద్ధం మీద నీ కోపం నిజమైనదే, అందులో నాకు అనుమానం లేదు. కానీ టీ కొట్టు దగ్గర కూర్చున్న ముగ్గురూ నీ మాటే మాట్లాడుతున్నారు, వాళ్ల సొంత గొంతు ఎక్కడా వినపడలేదు.

ఫ్రాన్స్ మాసరీల్ అనే చిత్రకారుడు పారిస్‌లో వేసిన నీటిరంగుల బొమ్మలు వెతికి చూడు. బెల్జియం మనిషి, 1889లో పుట్టాడు. మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంలో చేరకుండా జెనీవా వెళ్లి, రెడ్ క్రాస్‌కి పనిచేస్తూ, ఒక దినపత్రికకి యుద్ధాన్ని తిట్టిపోస్తూ బొమ్మలు వేశాడు. గాంధీ మీద 1924లో పుస్తకం రాసిన రొమేన్ రోలాండ్‌కి దగ్గర స్నేహితుడు. ఆ పత్రిక బొమ్మల్లో విషయం సూటిగా, గట్టిగా ఉంటుంది. అలాగే ఉండాలి, రోజూ మనుషులు చస్తున్న కాలం అది.

యుద్ధం అయ్యాక కొన్నేళ్లపాటు సొంత దేశానికి తిరిగి వెళ్లలేక, 1920ల మొదట్లో పారిస్ చేరాడు. అక్కడ వేసినవి కెఫేలు, వీధులు, డాన్సు హాళ్లు, రాత్రిపూట దీపాల కింద నిలబడ్డ ఆడవాళ్లు, పక్కపక్కనే కూర్చుని ఒకరినొకరు చూసుకోని జనం. నేను చూసినవాటిలో ఒక్క తుపాకీ లేదు. అయినా అవి శాంతివాది వేసిన బొమ్మలేనని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే డబ్బున్నవాణ్ణి, లేనివాణ్ణి, ఎవరూ పట్టించుకోని మనిషిని, అందరినీ ఒకే శ్రద్ధతో చూశాడు, చూసినప్పుడు ఎవరి ఆకలి ఏమిటో, ఎవరి దగ్గర ఎవరు తల వంచుతున్నారో దానంతటదే బయటపడింది. 1925లో నగరం మీద నూరు వుడ్‌కట్లతో, అంటే చెక్క మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మలతో, వేసిన పుస్తకంలోనూ అంతే, బొమ్మల పక్కన ఒక్క మాట రాయలేదు. అతని నమ్మకం పనిచేసింది ఎవర్ని చూడాలో ఎంచుకోవడంలో. వాళ్ల నోట్లో నినాదాలు పెట్టడంలో కాదు.

నీ కథలో పాత సిపాయి ఉపన్యాసం పేజీన్నర ఉంది. తీసెయ్. తీసేస్తే కథలో యుద్ధమే ఉండదని టెన్షన్ పడకు. అతను టీ గ్లాసు ఏ చేత్తో పట్టుకుంటాడు, కొట్టువాడికి ఎంత బాకీ ఉన్నాడు, బయట లారీ టైరు పేలితే ఎటు చూస్తాడు, కుర్రాళ్లు సైన్యంలో జీతం ఎంతొస్తుందని అడిగితే ఏం చెబుతాడు, ఇవి నీకు తెలియాలి. తెలియకపోతే వెళ్లి కాసేపు అలాంటి కొట్టు దగ్గర కూర్చో, నోట్సు రాసుకోకుండా ఊరికే చూడు. నీకు నచ్చని మనిషిని ఎక్కువసేపు చూడు, నీ కథలో ఆ మిలిటరీ కాంట్రాక్టరు మరీ కార్టూన్‌లా ఉన్నాడు, వాడికీ ఇంట్లో భయాలుంటాయి కదా.

ముందు ఆ టీ కొట్టు సీను ఒక్కటే తిరగరాసి పంపు. మిగతాది ఇప్పుడే ముట్టుకోకు.

మీ అన్నయ్య