కొట్టివేసిన మాట

చిరంజీవి మేనకోడలికి,

మామయ్య ఆశీస్సులు. తెలుగు నాటకరంగ దినోత్సవమైన ఏప్రిల్ 16న నువ్వూ మీ ఆఫీసు మిత్రులూ కలిసి హైదరాబాదులో నాటిక వేస్తున్నారనీ, దర్శకత్వం నీదేననీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. చెప్పడం నా మీద ఫిర్యాదులాగానే చెప్పింది గానీ, "అన్నీ నీ పోలికలే" అన్నప్పుడు ఆమె గొంతులో కోపం అంతగా లేదు. స్థానం నరసింహారావు గారు స్త్రీ వేషాలతో మెప్పించిన తెనాలి మనది. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టిందీ ఇక్కడే. ఆడవేషాలు మగవాళ్ళే కట్టిన కాలపు కథలు వింటూ పెరిగిన నాకు, మన ఇంటి ఆడపిల్ల ఒక నాటికను నడపబోతున్నదంటే గర్వంగా ఉండదా? ఆ గర్వంతోనే పడుకున్నాను గానీ, రాత్రి రెండింటికి మెలకువ వచ్చి మళ్ళీ నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవే ముందు చెప్పేస్తాను. మాటలు నోటికి రానివాణ్ణి స్టేజీ ఎక్కించవద్దు. హాలును ముందురోజే చూసుకో. మీసం జిగురు ఎవరికి పడదో ముందే అడుగు. తెర పక్కన కరెంటు తీగలు అతుకులతో కనిపిస్తే మాత్రం, ప్రేక్షకులు ఈలలు వేసినా సరే, అవి సరిచేసేదాకా తెర ఎత్తనివ్వకు.

రిహార్సళ్ళు వీడియో కాల్‌లో చేస్తున్నారట! మాట్లాడేవాడితో పాటు వినేవాడూ నటించాలి గదా తల్లీ. ఎదుటివాడు మాట్లాడుతుంటే మీ చేతులు ఏం చేస్తున్నాయో ఆ చిన్న డబ్బాలో ఎవరికి కనిపిస్తుంది? 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వారికి కుటుంబమే బృందం కాబట్టి రిహార్సలుకు ఎవరినీ పిలవాల్సిన పని ఉండేది కాదు. మీకు తలా ఒక షిఫ్టు. ఆ కష్టం నాకు తెలుసు. అపార్టుమెంటు వాళ్ళు గోల అంటున్నారని కూడా మీ అమ్మ చెప్పింది. మేము బడి వరండాలో రాత్రి పదకొండు దాకా అరిచినా వీధిలో ఎవరూ ఏమీ అనేవారు కారు. అది కళాభిమానం అనుకునేవాణ్ణి. వాళ్ళ పిల్లలకు నేనే లెక్కల మాస్టారిని కావడం వల్లనని ఇప్పుడు అనిపిస్తున్నది. ఆదివారమైనా సరే, ఒక ఖాళీ గది చూసుకుని అందరూ ఎదురెదురుగా నిలబడండి.

ఇక నన్ను నిద్ర లేపిన సంగతి. దర్శకత్వంతో పాటు పెద్ద వేషం కూడా నీదేనట. 1984లో నేనూ అదే చేశాను. పరిషత్తు పోటీకి వెళ్ళాం. నాటిక గంట దాటకూడదు, మాది అయిదు నిమిషాలు ఎక్కువ వచ్చింది. ముందురోజు రాత్రి పెన్సిలు పట్టుకుని కూర్చుని అక్కడక్కడా మాటలు కొట్టేశాను. పోస్టుమాన్ వేషం వేసిన కుర్రాడు కొత్తవాడు; నాటిక మొత్తంలో వాడికి ఉన్నవి నాలుగు మాటలు. మర్నాడు స్టేజీ మీద వాడు నా ఎదుట నిలబడి నోరు తెరవలేదు. పక్కతెర వెనక నుంచి ప్రాంప్టరు అందించిన మాట మైకులో పడి ముందు వరుసలు నవ్వాయి. నేను తండ్రి వేషంలో ఉన్నాను. వాడి మాటను నా మాటలో కలిపి దాటించేయవచ్చు. అలా చేయకుండా, "ఏమయ్యా, ఉత్తరం తెచ్చి నాలుకను పోస్టాఫీసులోనే వదిలి వచ్చావా?" అన్నాను. హాలంతా చప్పట్లు. వాడి నుదుటి మీది చెమట మేకప్‌ను చీల్చుకుంటూ కనుబొమ్మ దాకా దిగడం, ఉత్తరం పట్టుకున్న చెయ్యి ఇంకా చాచే ఉండడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఆ రాత్రి ఉత్తమ నటుడి బహుమతి నాకే వచ్చింది. తిరుగు బస్సులో వాడు వెనక సీటులో కూర్చుని, చెవుల దగ్గర మిగిలిన రంగును కొబ్బరినూనె గుడ్డతో తుడుచుకుంటూనే ఉన్నాడు. తర్వాతి రిహార్సలుకు రాలేదు. భయస్థుడని అందరితో చెప్పాను.

నాలుగేళ్ళ తర్వాత ఇల్లు మారుతుంటే ఆ నాటిక నోట్‌బుక్ దొరికింది. పోస్టుమాన్ పేజీ తీస్తే, "ఎవరు బాబూ అక్కడ?" అనే నా మాట మీద నా పెన్సిలు గీతే ఉంది. ఆ మాట వింటే మొదలుపెట్టాలని వాడికి నేర్పింది నేను. దాన్ని కొట్టేసి, కొట్టేశానని వాడికి చెప్పనిదీ నేనే. వాడు ఏమీ మర్చిపోలేదమ్మా, నా మాట కోసం ఎదురుచూస్తూ నిలబడ్డాడు. అప్పటికి వాడికి ఊరు బదిలీ అయింది. అడ్రసు సంపాదించి ఒక కార్డు రాశాను, జవాబు రాలేదు.

కాబట్టి ఆ పెద్ద వేషం ఇంకెవరికైనా ఇచ్చి, నువ్వు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చో. ఇవ్వలేనంటావా, నీ ఇష్టం. ఒక్క మాట తీసేసినా, అది టీ కప్పులు తెచ్చేవాడికి సంబంధించినదైనా సరే, అందరినీ పిలిచి మళ్ళీ మొదటి నుంచి చదివించు.

నేను 15వ తేదీ సాయంత్రానికి వస్తాను. మోకాలి నొప్పి సంగతి మీ అమ్మ దగ్గర ఎత్తకు, రానివ్వదు. నాకు చిట్టచివరి వరుసలో కుర్చీ ఉంచు, మీ మాటలు అక్కడిదాకా వస్తున్నాయో లేదో చూస్తాను. మీ నాటికలో అందరికంటే చిన్న వేషం ఎవరిదో, ఆ అబ్బాయి పేరేమిటో జవాబులో రాయి.

ఆశీస్సులతో,
మామయ్య
తెనాలి