ఆ నలుపు రంగు కాదమ్మా, మట్టే

ప్రశ్న: సార్, మా పాప పుస్తకంలో పాత గ్రీకు కూజా బొమ్మ ఉంది. వైను వంచేదట. ఎర్ర మట్టి మీద నల్లటి మనుషులు. ఇన్ని వేల ఏళ్లయినా ఆ రంగు ఎందుకు పోలేదు? మూతి మూడు పాయలుగా ఎందుకుంది? – ఒక పాఠకురాలు, దేవరకొండ

జవాబు: అమ్మా, దాన్ని ఓయినోకొయె అంటారు. వైను పోసేది అనే అర్థం. నా చూపు ముందు దాని మూతి మీదికే పోయింది. మా నాయన నకిరేకల్ దగ్గర కుమ్మరి. దీపావళికి ప్రమిదలు చేస్తూ, సారె మీంచి దింపిన పచ్చి ప్రమిద అంచును రెండు వేళ్లతో ఒక్క నొక్కు నొక్కేవాడు. వత్తికి దారి పడేది. ఏథెన్సు కుమ్మరి మూతి పచ్చిగా ఉండగానే రెండు పక్కలా లోపలికి నొక్కాడు, మూడు పాయలైంది. ముందు పాయలోంచి వంచితే ధార సన్నగా, చెదరకుండా పడుతుంది. విందులో వైనును క్రేటర్ అనే పెద్ద పాత్రలో నీళ్లతో కలిపేవాళ్లు. ఒక కుర్రాడు ఈ కూజాతో ముంచుకొచ్చి, ఒరిగి పడుకుని తాగే అతిథుల గిన్నెల్లో పోసేవాడు.

ఇక నలుపు. అది రంగు కాదు, కుండ మట్టే. ఇనుము ఉన్న మట్టిని నీళ్లలో కలిపి, ముతకంతా అడుక్కు దిగాక పైన మిగిలిన మెత్తటి మట్టినీళ్లతో బొమ్మ గీసేవాళ్లు. మీ పాప చూసిన రకంలో కళ్లు, బట్టల మడతలు మొనతో గీకినవి. క్రీ.పూ. 530 ప్రాంతంలో పద్ధతి తిరగబడింది: నేపథ్యం నలుపు, మనుషులు ఎరుపు.

అసలు పనితనమంతా ఆములో, అంటే కుండలు కాల్చే బట్టీలో ఉంది. ముందు గాలి ఆడనిస్తారు, కుండంతా ఎర్రబడుతుంది. తర్వాత పచ్చి కట్టెలు వేసి రంధ్రాలు మూస్తారు, పొగకు అంతా నల్లబడుతుంది. సుమారు 900 డిగ్రీల వేడికి ఆ మెత్తటి పూత గాజులా బిగుసుకుంటుంది. మళ్లీ గాలి వదిలితే కుండ ఒళ్లు ఎర్రబడుతుంది గానీ, బిగిసిన పూతలోకి గాలి చొరబడదు. అందుకే అది నల్లగా ఉండిపోయింది. గాలి పాళ్లు తప్పితే ఆ నలుపూ అక్కడక్కడా ఎర్రబారేది.

నల్ల కుండలు కావాలంటే మా నాయన కూడా ఆమును మట్టితో మెత్తి పొగను లోపలే ఆపేవాడు. మన నల్లగొండ, పాలమూరు వైపు రాకాసి గూళ్లలో, అంటే పెద్ద పెద్ద రాళ్లతో కట్టిన పాతకాలపు సమాధుల్లో దొరికే పాత కుండలు లోపల నలుపు, బయట ఎరుపు. వాటిని బోర్లించి కాల్చి ఉంటారని పండితుల మాట. నాకు ఆ కుండల మీద ఈ కూజాకు తగ్గని గౌరవం.

పాపకు చూపించాలంటే మందపాటి కుండ పెంకు ఒకటి విరవండి. చాలాసార్లు రెండు ఎర్ర అంచుల మధ్య నల్లటి చార కనిపిస్తుంది. గాలి అందని చోటు అదే.