ఎముక పెరిగిందా, ఏర్పడిందా?

సందేహం: ఫిజియోథెరపీ విద్యార్థిని. ప్రోస్టాగ్లాండిన్ల (ఒంట్లోని కణాలు తయారుచేసే, హార్మోన్ల లాంటి రసాయనాల) గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అవి 'ఎముక పెరుగుదలకు, ఏర్పాటుకు తోడ్పడతాయి' అని రాస్తే, ఈ రెండు మాటలూ ఒకటే కదా, ఒకటి తీసేయమన్నారు మా సీనియర్. 'ఎముక అరుగుదల' అన్న మాట కూడా వాడాను. ఇవి సరైనవేనా? బహువచనం ఎలా రాయాలి?

సమాధానం: రెండూ ఒకటి కాదు, తీసేయకండి. అయితే 'ఏర్పాటు'ను మాత్రం మార్చాలి. ఏర్పాటు అంటే ఎవరో పూనుకుని చేసేది: పెళ్లి ఏర్పాట్లు, సంఘం ఏర్పాటు. దానంతట అది జరిగేదానికి 'ఏర్పడటం' అంటాం. కిడ్నీలో రాళ్లు ఏర్పడ్డాయంటామే గాని ఏర్పాటయ్యాయని ఎవరూ అనరు. కాబట్టి 'ఎముక ఏర్పడటం' అనండి, కొంచెం శాస్త్రీయంగా కావాలంటే 'ఎముక నిర్మాణం'.

ఇక పెరుగుదల. పిల్లల ఎముకల చివర్లలో ఉండే మృదులాస్థి పలకల దగ్గర ఎముక పొడుగు సాగుతుంది. యౌవనం దాటేసరికి ఆ పలకలు మూసుకుపోతాయి, పెరుగుదల ఆగుతుంది. కొత్త ఎముక ఏర్పడటం మాత్రం ముసలితనంలోనూ సాగుతూనే ఉంటుంది. పైగా మన వాడుకలో 'మడమలో ఎముక పెరిగింది', 'ముక్కులో ఎముక పెరిగింది' అంటే జబ్బు కిందే లెక్క. పెద్దవాళ్ల విషయంలో 'ఎముక పెరుగుతుంది' అని రాస్తే చదివినవాళ్లకు టెన్షన్ తప్పదు.

మీరు రాస్తున్న ప్రోస్టాగ్లాండిన్ల విషయంలోనే ఈ తేడా కళ్లకు కట్టే సందర్భం ఒకటుంది. పుట్టుకతో కొన్ని రకాల గుండె లోపాలున్న పసికందులకు, డక్టస్ ఆర్టీరియోసస్ అనే రక్తనాళం మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్ ఇ1 ఎక్కిస్తారు. అది వారాల తరబడి సాగితే కొందరిలో చేతులు, కాళ్ల పొడవాటి ఎముకల పైపొర కింద కొత్త ఎముక పేరుకుంటుంది. ఎక్స్‌రేలో ఎముక చుట్టూ మరో గీత గీసినట్టు కనిపిస్తుంది. మందు ఆపాక అది క్రమంగా సర్దుకుంటుంది. ఇక్కడ ఎముక పొడుగు సాగలేదు, లావెక్కింది. దీన్ని 'పెరుగుదల' అంటే అసలు సంగతి పోతుంది. 'ఎముక పైపొర కింద కొత్త ఎముక ఏర్పడింది' అంటేనే జరిగింది జరిగినట్టు చెప్పినట్టు.

'అరుగుదల' కూడా మార్చండి. అరగడం రాపిడి వల్ల జరిగేది: చెప్పు అరుగుతుంది, మోకాలి గుజ్జు అరుగుతుంది. (తిన్నది అరగడం వేరే సంగతి.) ఎముకలో ఆస్టియోక్లాస్టులనే కణాలు ఆమ్లంతో ఖనిజాన్ని, ఎంజైములతో మిగతా పదార్థాన్ని కరిగిస్తాయి. అందుకని 'ఎముక కరగడం' అనండి. ఈ క్రియ మీకు తప్పనిసరిగా కావాలి, ఎందుకంటే ప్రోస్టాగ్లాండిన్లు ఎముకను కరిగించగలవని 1970లోనే ప్రయోగశాలలో తేలింది. ముఖ్యంగా ప్రోస్టాగ్లాండిన్ ఇ2 ఎముకను కట్టే కణాలనూ, కరిగించే కణాలనూ రెండింటినీ పురిగొల్పుతుంది. ఏది పైచేయి అవుతుందన్నది మోతాదు, చోటు, సమయాన్ని బట్టి ఉంటుంది. 'తోడ్పడతాయి' అని ఒక్క మాటతో ముగిస్తే సగమే చెప్పినట్టు.

విరిగిన ఎముక గురించి రాసేటప్పుడు 'అతుక్కోవడం' అనే మంచి మాట ఉండనే ఉంది. డాక్టరు కట్టు కడతాడు, ఎముక తనంతట తానే అతుక్కుంటుంది. ప్రోస్టాగ్లాండిన్లను తయారుచేసే సైక్లోఆక్సిజినేజ్-2 ఎంజైము లేని ఎలుకల్లో విరిగిన ఎముక అతుక్కోవడం ఆలస్యమైందని 2002లో వచ్చిన పరిశోధనలు చూపాయి. ఈ ఎంజైమును అడ్డుకునే నొప్పి మాత్రలు మనుషుల్లోనూ ఆలస్యం చేస్తాయా అన్నదానిపై వైద్యుల్లో ఏకాభిప్రాయం లేదు. అక్కడ 'ఆలస్యం చేస్తాయి' అని తేల్చేయకుండా 'చేయవచ్చు' అనండి.

మీ వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: 'ప్రోస్టాగ్లాండిన్ల వల్ల కొత్త ఎముక ఏర్పడుతుంది, ఉన్న ఎముక కరుగుతుంది కూడా.' పిల్లల ఎముకలు పొడుగు సాగడం గురించి విడిగా చెబుతుంటేనే అక్కడ 'పెరుగుదల' వాడండి. బహువచనం విటమిన్లు, ఇంజిన్లు లాగే ప్రోస్టాగ్లాండిన్లు.